వేడి మీద

చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే
తొక్తోసున్ ముసలాయన జిగులీ.
వేడెక్కాక ఆపామా, మొరాయిస్తుంది.
మొన్న బావమరిదిని పూడ్చి వచ్చేదాకా
శ్మశానం బయట ఇంజన్ ఆడుతూనే ఉందట.

రోగం చూడాలంటే ముందు రప్పించాలి.
దోలోన్ కనుమ ఎక్కించి ఆపాను. స్టార్టయింది.
మళ్లీ ఆపాను. మళ్లీ.
డాక్టరు ముందు దగ్గు దాచుకునే పిల్ల.
"నేను అబద్ధాలాడుతున్నానా, సైరాగుల్?"
అన్నాడాయన, బానెట్ వైపు చూస్తూ.

రొట్టెల కొట్టు దగ్గర చచ్చింది.
ఇద్దరం గంతులేశాం!
స్పార్క్ ఉంది.
పెట్రోల్ పంపు మీద వేలు పెట్టి
చటుక్కున తీశాను.
నీళ్లు లేవు. ఆయన తువ్వాలే
గుర్రప్పాల కుమిస్‌లో ముంచి చుట్టాను.

నారిన్ దాకా కారంతా పులుపు వాసన.
ఇంటి ముందు
తాళం వెనక్కి తిప్పాడు.
దిగలేదు.
చాలాసేపు ఆ నిశ్శబ్దం విన్నాడు.