సీసా మూతంత

జోయెల్ పచ్చగా ఏం కనబడినా తినడు.
కొత్తిమీర కాడ ఒక్కటి చాలు, పళ్ళెం అవతలికి పోద్ది.
కెజియాకి ముక్కలో నరం తగిలిందా
ఆ పూటకింక నోటికి తాళమే.
పక్కింటి లోహిత్‌కి కూర వెళ్ళి అన్నాన్ని తాకకూడదు,
మధ్యలో గట్టెయ్యాలి
చేలో నీళ్ళకి వేసినట్టు.

ఈ ముగ్గుర్నీ వెంటేసుకుని
వశిష్ఠ నడుమ ఇసుక లంక మీద
ఒక రాత్రి డేరాలో పడుకుందామని నోరు జారాను.
మూడు నైటు డ్యూటీలు దిగి
రాజోలు ఆసుపత్రి మెట్ల మీద, నిద్రమత్తులో ఇచ్చిన మాట.
పిల్లలు అలాంటి మాటలే గుర్తుపెట్టుకుంటారు.

"ప్యాకెట్లో వచ్చేవైతే తింటాం అత్తా" అన్నారు.
లంకలో ఫ్రిజ్ ఎక్కడిది?
శుక్రవారం సుభానీ కొట్టుకెళ్ళి
ఎముక లేని కోడి రొమ్ము కేజీ తెచ్చాను.
మిక్సీలో రెండు తిప్పులే.
మూడోది తిప్పితే జిగురు, బూట్లకి అంటించుకోవాలి.
మిరియం నల్లగా కనబడుద్దని
తెల్ల మిరియాల కోసం అమలాపురం దాకా బస్సెక్కాను.
బాలింతలకి కూడా ఇంత పథ్యం చెప్పలేదు నేను.
పావు సొరకాయ తురిమి, పాత చీరముక్కలో పిండి
తెల్లదాంట్లో తెల్లగా కలిపేశాను.
ఈ సంగతి మీ దగ్గరే ఆగాలి.

హార్లిక్స్ సీసా మూతలో అదిమి, బోర్లించి,
సొనలో ముంచి, రస్కుపొడిలో దొర్లించి,
నలభై రెండు.
టీకాలు లెక్కెట్టినట్టు రెండుసార్లు లెక్కెట్టాను.
టీకాల ఐసు డబ్బా మీదికి చూపు పోయిన మాట నిజం.
లెంపలేసుకుని
రొయ్యల కాటా దగ్గర ఏసుబాబుని థర్మాకోల్ పెట్టె అడిగాను.
నిమ్మతొక్కతో తోమాను, ఎండబెట్టాను, మళ్ళీ తోమాను.
రొయ్య మాత్రం ఆ పెట్టెని వదిలి వెళ్ళలేదు.

ధర్మయ్య పడవలో
డేరా, ముకుడు, మూడిటుకలు, బస్తాడు కొబ్బరి డొక్కలు,
అడుగున ఐసులో నా నలభై రెండు బిళ్ళలు.
లంక చేరేసరికి పోటు తిరిగింది.
డొక్కలు రాజుకుని నూనె కాగేవేళకి
సముద్రం వైపు నుంచి గాలి లేచి
పిడికెడు ఇసుక సరిగ్గా మొదటి వాయి మీద చల్లింది.

కెజియా కొరికింది. ఆగింది.
"గరగరమంటంది."
"రస్కులమ్మా" అన్నాను.
దేవుడు విన్నాడు, ఊరుకున్నాడు.
లోహిత్ తన బిళ్ళకీ సాసుకీ మధ్య
రొట్టెముక్క నిలబెట్టి, గోడ కట్టి, మొదలెట్టాడు.
జోయెల్ మాత్రం చేతిలో అటూ ఇటూ తిప్పి,
వాసన చూసి,
"ఇది ఏ కంపెనీ?" అన్నాడు.

నాకు మాట రాలేదు.
తెడ్డు తుడుచుకుంటున్న ధర్మయ్య
తలెత్తకుండానే,
"వశిష్ఠా కంపెనీ బాబూ.
ఫ్యాక్టరీ ఈ లంకలోనే.
రాత్రిపూట లైట్లెయ్యరు, అందుకని కనబడదు."

జోయెల్ చీకట్లోకి చాలాసేపు చూశాడు.
ఒక అంచు కొరికాడు, ఎలుక కొరికినంత.
తర్వాత ఇంకో అంచు.
తర్వాత నేను వాయి మీద వాయి దింపడమే,
ముకుడు మీంచి తలెత్తలేదు.

ధర్మయ్యకి రెండు మిగిలాయి.
నాకు పెరుగన్నం, మాగాయి టెంక.

డేరాలో ముగ్గురూ అడ్డదిడ్డంగా పడుకున్నారు.
ఏటి అవతల రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లు తిరుగుతున్నాయి,
నీళ్ళని చిలికి చిలికి ఊపిరి పోస్తూ, ఆగని హోరు.
"అత్తా, ఆ చప్పుడు ఫ్యాక్టరీదేనా?"
"ఊఁ."
"రేప్పొద్దుటికి చేస్తున్నారా?"

పెట్టెలో ఐసు కరిగి నీళ్ళయింది.
ఒక్కటి కూడా లేదు.
"చేస్తున్నారు నాన్నా, పడుకో" అని
చీకట్లో కళ్ళు తెరుచుకుని
లోటా గుడ్లెన్ని ఉన్నాయో లెక్కేస్తున్నాను.