లాభం, రెండు, మూడు

ఆకుపచ్చ రంగేసిన ఆ చిన్న డంబెల్
రెండు కిలోలు.
మా అమ్మ మోసే కూరల సంచీ అంతకన్నా బరువు.

తాడేపల్లిగూడెంలో, జిల్లాల పోటీలో,
నూట డెబ్భై కిలోలు నేల మీంచి లేపినవాణ్ణి.
ఒక్కసారి.
ఒక్కసారి లేపితే చాలు అక్కడ,
మూడు తెల్లదీపాలు వెలుగుతాయి,
బిగబట్టిన ఊపిరి వదిలేదాకా
లోకమంతా పిడికిట్లోనే.

తర్వాత భుజం చిరిగింది.
పాతగుడ్డ చిరిగినట్టు చప్పుడు కూడా విన్నాను.

అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే హైమావతి గారు
నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి
"రెండు కిలోలు. ముప్ఫై సార్లు. మూడు విడతలు" అన్నారు,
దగ్గుమందు రాసినంత తేలిగ్గా.

అందుకే మధ్యాహ్నం రెండింటికి పోతున్నాను జిమ్ముకి,
కుర్రాళ్ళు ఎవరూ లేనప్పుడు.
అంబాజీపేటలో, ఎరువుల కొట్టు మీద మేడ.
రేకుల కప్పు. కింద్నుంచి యూరియా వాసన.
కాలవలు కట్టేసిన రోజులు, గట్టు మీద గాలి కూడా లేదు.
కిటికీ అవతల కొబ్బరి కొట్టు,
అందులో నేలలో పాతిన గునపం,
గునపం ముందు బుల్లెంకులు.

పొడుపు, విరుపు.
పొడుపు, విరుపు.
మూడో విరుపుకి డొక్క ఊడి పక్కన పడుతుంది,
కాయ కుప్ప మీదికి ఎగురుతుంది.
ఆయన కళ్ళు కాయ మీద ఉండవు,
ఎదురు బడ్డీలో టీవీ మీద ఉంటాయి.

పన్నెండుకి నా భుజంలో నిప్పు రాజుకుంది.
పద్దెనిమిదికి వణుకు.
బరువు తగ్గితే అంకె పెరుగుతుందని
నాకెవరూ చెప్పలేదు.
నూట డెబ్భై కిలోలు ఒక్క అరుపుతో అయిపోయేవి.
ఈ రెండు కిలోలకి అరవాలంటే సిగ్గు,
అరవకపోతే ఏడుపు.
ఇరవై మూడు దగ్గర దించేసి చూస్తే
ఆయన ఇంకా టీవీలోనే ఉన్నాడు,
కాయలు వాటంతటవే వొలుచుకుంటున్నట్టు.

"రోజుకెన్ని వలుస్తావు బాబాయ్?"
"సరుకుని బట్టండి. వెయ్యి. పన్నెండొందలు.
శ్రావణమాసంలో లెక్కెవడు చూస్తాడండి, ఆయ్."

ఒకసారి మేడెక్కి వచ్చాడు, సీసాలో నీళ్ళు పట్టుకోడానికి.
అరవై కిలోల రాడ్డు నేల మీదుంది.
లుంగీ ఎగగట్టాడు.
నడుం వంచకు బాబాయ్, అనేలోపే
రాడ్డు పిక్కల దాకా వచ్చి, ఆలోచించుకుని, దిగిపోయింది.
పట్టుబడ్డ పిల్లాడిలా నవ్వాడు.

"దీన్నెక్కడికి మొయ్యాలండి?"
ఎక్కడికీ కాదన్నాను.
"మరి లేపి?"
"మళ్ళీ అక్కడే దించెయ్యడం."
కాసేపు జాలిగా చూశాడు,
రాడ్డు వంకో, నా వంకో.

పోతూ పోతూ సీసా మూత బిగించలేక
నా చేతికిచ్చాడు.
వేళ్ళు కాయ పట్టుకున్నట్టే ఉండిపోయాయి,
అంతకన్నా ముడుచుకోవు, అంతకన్నా తెరుచుకోవు.
పెళ్ళికో పేరంటానికో పోవాలంటే
చొక్కా గుండీలు ఇంట్లో ఆవిడే పెడుతుందట.
మూత తిప్పితే నా భుజం కలుక్కుమంది.
దాని గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం కింద లారీకి ఎత్తుతున్నారు.
చేతికి రెండు కాయలు, రెండు చేతులా కలిపి పుంజీ,
విసిరేవాడు విసురుతుంటే లెక్కవాడు పాడుతున్నాడు,
లాభం... రెండు... మూడు...
ఒకటి అనే మాటే లేదు ఆ నోట.

ఇవాళ హైమావతి గారి కాగితం మీద
పదహారో గడి.
డంబెల్ అందుకుని
కిటికీ దగ్గర కాసేపు ఆగాను,
గునపం చప్పుడయ్యేదాకా.

లాభం.

అక్కడ డొక్క పడింది.

రెండు.