జంపరు

సిదాద్ వేల్యాలో, సముద్రానికెదురుగా ఉన్న పాత బడి గదిలో
బెల్మీరో మాస్టారి కంప్యూటర్ మూత విప్పాను.
లోపల ఉప్పు.
పాతికేళ్ళ గాలి మోసుకొచ్చి పోసిన ఉప్పూ, ఎర్ర దుమ్మూ,
ఫ్యాను రెక్క కింద ఎండిపోయిన బల్లిపిల్లా.
"దాన్నుండనీ, పాత అద్దెదారు" అన్నాడాయన.
తీసేశాను.

జబ్బు చిన్నదే, చెప్తే నవ్వుతారు.
పాత డిస్కు నిండిపోయిందని ఆయన మేనల్లుడొకడు
ప్రాయాలో ఇంకోటి కొని తెచ్చి
అదే కేబుల్‌కి తగిలించి ఫోగో పడవెక్కిపోయాడు.
అప్పట్నించీ నల్లటి తెర మీద ఒకటే మాట:
డిస్కు లేదు.
ఉన్నవి రెండు!

టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి వంగి చూశాను.
రెండు జంపర్లూ ఒకే చోట.
రెండూ నేనే పెద్దంటున్నాయి.
ఒక ఒరలో రెండు కత్తులు.

జంపరంటే బియ్యపుగింజంత.
ఈ రెండు ముళ్ళని కలిపితే ఒక పేరు,
పక్క రెండింటిని కలిపితే ఇంకో పేరు.
కనుబొమలు తీర్చుకునే పట్టకారుతో లాగితే
టప్పున ఎగిరి ఎక్కడో పడింది.
డెబ్బై ఏళ్ళాయనా నేనూ మోకాళ్ళ మీద
అరగంట నేల దేవులాడాం.

డిస్కు మీద చిన్న పటం అంటించి ఉంది.
కళ్ళజోడు తుడుచుకుని కూడబలుక్కున్నాడు.
ఇంగ్లీషు రాదు గానీ ఆ రెండు మాటలూ తెలుసు.
ఒకచోట యజమాని.
ఒకచోట బానిస.
కాసేపేమీ అనలేదు.
కిటికీలోంచి కూడలిలో రాతి స్తంభం కనబడుతోంది,
మనుషుల్ని కట్టేసి కొట్టిన స్తంభం.
దాని మెట్ల మీద ఇద్దరు పిల్లలు ఐసు చీకుతున్నారు.
"ఎవరు పెట్టారు జుల్మీరా, ఈ పేర్లు?"
"తెలీదు మాస్టారూ. నేర్చుకునేప్పుడు బట్టీ పట్టాను."

నిజానికి అందులో పెత్తనమేం లేదు.
రెండోది మొదటిదానికి ఊడిగం చెయ్యదు,
దాని సెలవు అడగదు.
పిలిచినప్పుడు సున్నా ఎవరు, ఒకటి ఎవరు, అంతే తేడా.
చెప్పాను.
"మరి సున్నా, ఒకటి అనే రాస్తే
సిరా ఎక్కువయ్యేదా?" అన్నాడు.

మూడో చోటొకటుంది. ఎవరూ వాడరు.
రెండింటినీ అక్కడ పెడితే కేబులే తేలుస్తుంది:
కొసనున్నది ముందు, నడుమనున్నది తర్వాత.
దానికి ఎనభై తీగల కేబుల్ కావాలి.
అసొమాదాలో ఎవరో పారేసిన పెట్టెలోది
నా సంచిలో ఉంది.
దొరకని జంపరుకి బదులు
నోరు తెరవని సీడీ డ్రైవు నించి ఒకటి పీకాను.
నీలం మూతి బోర్డుకి. ఎర్ర అంచు ఒకటో ముల్లు వైపు.
నొక్కాను. ఇంకాస్త నొక్కాను.

మీట వేశాం. ఒక కూత.
రెండు డిస్కులూ పలికాయి,
పక్కన మళ్ళీ అవే రెండు మాటలు!
జంపరు ఎక్కడుంటేనేం, తెర దాని పాతపాట అదే పాడుతుంది.
మాస్టారు లేచి, ఆ మాటల మీద
అవి చెరిగిపోయేదాకా అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
మూడు సెకన్లు.

పాత డిస్కు రెండుసార్లు దగ్గి, తిరిగింది.
చెదలు తిన్న బాప్తిస్మం పుస్తకాలు ముందేసుకుని
పదకొండేళ్ళు ఒంటివేలితో కొట్టిన జాబితా:
పేరు, వయసు, తల్లి, నీళ్ళు పోసిన రోజు.
ఐదో గడి ఖాళీ.
కిందికి జరిపాను, ఖాళీ, ఇంకా కిందికి,
నాలుగువేల వరసల్లోనూ ఖాళీ.
గడి నెత్తిన మాత్రం ఉంది: ఎవరి సొత్తు.

గుండె జారింది. "మాస్టారూ, ఇది డిస్కు తినేసిందేమో..."
"తినలేదు. పుస్తకంలో ఉంది.
నేను కొట్టలేదు."

కొత్తదాంట్లోకి నకలు మొదలైంది.
పదమూడు నిమిషాలంది, కాదు రెండు గంటలంది,
మళ్ళీ ఏడంది.
నిన్నటి కషూపా వేయించి గుడ్డుతో పెట్టాడు.
తిన్నాం. స్క్రూ ఒకటి మిగిలింది, ఎప్పుడూ మిగుల్తుంది.

ఎగిరిపోయిన జంపరు వారం తర్వాత
బట్టలుతుకుతుంటే నా ప్యాంటు మడతలో దొరికింది.
తిరిగివ్వలేదు.
గుండీల డబ్బాలో పడేశాను.