గడియ లోపలా, బయటా

మొదటి దాంట్లో వాన పడతా వుండింది,
ఉరి తీసేప్పుడు.
రెండో దాంట్లో ఎండ, దుమ్ము.
పద్దెనిమిది మంది తెల్లోళ్లు నేలకొరిగినాక గానీ
పాళెగాడు మోకాలు వంచడు.
ఒకడే పాళెగాడు. ఒకటే కోట. గుండ్లదొడ్డి.
చిత్తూరు నుంచి బస్సులో ముక్కాలు గంట.

మొదటిది మా నాయన టెంటులో చూసినాడు,
పదేండ్లప్పుడు, ఇసక మీద కూర్చోని.
పౌడరు పూసుకున్న దొర
నాటకాలోళ్ల మాదిరి తెలుగులో గద్దిస్తా వుంటే
నగల మూట తీసుకొని
అర్ధరాత్రి తలుపు తీసినోడు కావలి ముద్దన్న.
ముద్దన్న మా వంశమని ఊరందరికీ తెలుసు.
మర్నాటి నుంచి బడిలో నాయనకు పేరు లేదు.
"రేయ్ తలుపూ" అనేవాళ్లు.
పెండ్లి పత్రికలో ఆయన పేరు కింద
ఎవురో పెన్సిలుతో గడియ బొమ్మ గీసినారంట.

మళ్లా సినిమా హాలు గడప తొక్కలేదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పయ్యారేండ్లు
లారీల్లోంచి తోతాపురి గంపలు దించినాడు.
ఇంట్లో రాత్రి తలుపు మాత్రం తనే వేసేవాడు,
రెండు మార్లు లాగి చూసి.

రెండోది వచ్చినప్పుడు టికెట్లు నేనే తెచ్చినా.
"రా నాయనా, ఈసారి రాసినోళ్లు వేరే."
చల్లటి హాల్లో తువ్వాలు చెవులకు చుట్టుకొని
చేతులు కట్టుకొని కూర్చున్నాడు,
పేరు పిలిస్తే లేచి నిలబడాల్సినోడి మాదిరి.
రాణి పాట పాడలేదు, కత్తి తిప్పింది.
దొర నిజం తెల్లోడే, ఇంగ్లీషే,
కింద తెలుగు అచ్చరాలు.
కోట మా కోటకు ఇరవై రెట్లు.
కత తలుపు దగ్గరికి వచ్చింది.
నాయన ముందుకు వంగినాడు.
ఏనుగు కుమ్మింది. తలుపు విరిగింది.
అంతే.
ముద్దన్న లేడు.

హాలంతా ఈలలు.
"బతికిపోయినాం" అని చెయ్యి పట్టుకున్నా.
విడిపించుకున్నాడు.

బయట, నీవా వంతెన మీద,
నీళ్లు లేని ఏట్లోకి చూస్తా అన్నాడు:
"దాంట్లో దొంగోడైనా మనోడొకడు వుండె.
దీంట్లో అంత కోటకు కావలే లేదే."
కొంచేపాగి,
"గడియ చూస్తివా? బయట పెట్టినారు.
బయట గడియ పెట్టుకొని
లోపల కూర్చుంటారామ్మా ఎవురన్నా?"

అవ్వ చెప్పే కత ఇంకోటి.
లోపల గింజ లేక పదకొండో దినం
చంటిబిడ్డల తల్లులు ముద్దన్న కాళ్ల మీద పడినారని.
నిజమో కాదో.
అవ్వ మా మనిషి గదా, మా పక్కే చెప్తాది.

ఆదివారం కోటకు పోయినాం ఇద్దరం.
తలుపు ఎప్పుడో పోయింది.
రాతి వాకిలికి రెండు పక్కలా
అడ్డగడియ దూర్చే తొర్రలు.
నాయన చొక్కా పైకి మడిచి
మోచేతి దాకా పెట్టి తడిమినాడు.
"లోపలే" అన్నాడు.
అప్పుడే కందిరీగ కుట్టింది.

సున్నం యాడన్నా దొరుకుతాదా అని
మేకలు కాసే పిల్లోడిని అడిగినా.
వాడు నాయన చేతిని చూసి, వాకిలిని చూసి,
"ఆ సినిమా కోట కోసం వచ్చినారా?
అది ఇది కాదు" అన్నాడు.