పై జేబు

పర్లాకిమిడి కాలేజీలో
బోటనీ ల్యాబు తాళం తీసేది నేనే.
"దండాసీ" అంటారు పాణిగ్రాహి మేడమ్.
ఏ మాటైనా ఒడియాలో మొదలెట్టి
తెలుగులో దించుతారు.

ఈసారి పని ఉల్లిపాయలతో.
సంతలో ఏరి తెచ్చాను పన్నెండు, అన్నీ ఒకే ఈడువి.
ఆరు కిటికీ దగ్గర, పక్కనే పొద్దస్తమానం మోగే ఫోను.
ఆరు స్టోర్ రూములో, ఇనప బీరువా వెనక.
"ఇవి సాక్షులు దండాసీ.
వీటికేం సోకకూడదు."

మూడో నాటికి గ్లాసుల్లో
నానిన సేమ్యాలాగ వేళ్లు.
తెల్లారకట్ట కొనలు కోసి
యాసిడ్‌లో వెచ్చబెట్టి, ఎర్రరంగులో ముంచి
గాజుపలకల నడుమ బొటనవేలితో నొక్కుతాను,
పేను కుక్కినట్టు.

పద్దెనిమిదేళ్లుగా తుడుస్తున్న అద్దంలోంచి
మొదటిసారి నన్ను చూడమన్నారు.
గదులు. గోడకి గోడ ఆనుకున్న గదులు.
సెల్స్ అంటారట వాటిని.
నా జేబులో ఉన్నదీ సెల్లే.
ఒక గదిలో ఎర్రదారాలు వాటాలు పంచుకుని
చెరోపక్కకీ నడుస్తున్నాయి.
ఇంకోదాంట్లో ఒక దారం
అటూ వదలదు, ఇటూ వదలదు.
"వంతెన" అన్నారు మేడమ్, "ఉండకూడదు."
మహేంద్రతనయ మీద మా వంతెన తలుచుకున్నాను.
అవతల పాతపట్నం, అమ్మ పుట్టిల్లు.
నడిమధ్యకొచ్చేసరికి ఫోను స్వాగతం అంటుంది,
ఏ రాష్ట్రానికో దానికే తెలీదు.

లెక్క తేలింది. వెయ్యి గదులకి
కిటికీవి ఎనభై ఒకటి చీలాయి,
బీరువావి ఎనభై మూడు.
వంతెనలు అక్కడ అయిదు, ఇక్కడా అయిదే.
"అంటే ఏమీ చెయ్యదా మేడమ్?"
టవరు కింద ఇల్లున్న ఎలీషా రయితో అడిగాడు.
"చెయ్యదని కాదు. మనకి కనబడలేదని."
ఆ రెండు మాటల మధ్య సందు రాయడానికి
ఆవిడకి పేజీన్నర పట్టింది.

రాత్రి నిద్రలేదు నాకు.
బీరువా వెనక రెండుపూటలా నీళ్లు మార్చింది నేను.
ఫోన్లు తేరాదని కాగితం అంటించిందీ నేనే.
ఒక్కో గ్లాసు మీదా వంగాను,
పై జేబులో ఫోనుతో.
సిగ్నలు అందనిచోట అది మరింత గట్టిగా
అరుస్తుందట, మనకి వినబడకుండా.

ఆపలేకపోయాను.
బరంపురం ఆసుపత్రిలో, గాజుపెట్టెలో
మా చెల్లెలి కూతురు. కిలో నూటయాభై.
రోజుకో కబురు:
ఇరవై గ్రాములు పెరిగింది.
ఇవాళ పది తగ్గింది.
ఆ కబుర్లన్నీ ఉల్లిపాయల నెత్తిమీదే విన్నాను.

పొద్దున్నే చెప్పేశాను.
మేడమ్ రాసిన పేజీన్నరా అడ్డంగా కొట్టేసి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"పాప ఎంతుంది ఇప్పుడు?"

మళ్లీ పన్నెండు తెచ్చాను.
ఫోను ఎలీషాకిచ్చాను,
మోగితే పరిగెత్తుకు రమ్మన్నాను.
బీరువా వెనక వంగి నీళ్లు పోస్తోంటే
ఖాళీ జేబులో
ఏదో అదిరింది.

మేడమ్,
దీన్ని ఏ గడిలో రాస్తారు?