దిమ్మ మోత

తెల్లారగట్ల మూడు. హార్బరు, రెండో జెట్టీ.
ఐసు లారీ వెనక తలుపు తీయగానే పొగ.
పొగలోంచి మసేను మామ చెయ్యి.

గునపం మొనతో ఒక్కటే దెబ్బ.
చెవి వారగా పెట్టి వింటాడు,
సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ విన్నట్టు.
"ఖంగుమంటే ఎక్కించీ.
దబ్బుమంటే ఎనక్కి తోలీ."

అవతలి లైటు కనబడే దిమ్మ మంచిది.
కడుపులో మబ్బున్నది
ఫ్యాక్టరీ వాడు తొందరపడి గడ్డకట్టించింది,
ఆరో రోజుకే ఊక కింద నీళ్లవుతుంది.

నాకప్పుడు పంతొమ్మిది.
బోటు స్టీరింగ్ పట్టి నెల కాలేదు.
మామ జ్వరంతో పడుకున్న రోజు
మబ్బు దిమ్మలే నూట ఇరవై నింపించాను,
ఒక్కోటి ఇరవై తక్కువని.

తొమ్మిదో రోజు, ఒడిశా నీళ్లలో
వల ఎత్తలేక నలుగురం ఒరిగిపోయాం.
అన్నీ కోనాలే.
కేకలేసుకుంటూ ఐసు గది మూత తీస్తే
లోపల్నించి నా మొహమే నన్ను చూసింది,
కొంచెం కదులుతూ.

సగం చేపని మళ్లీ సముద్రంలోకి తోశాం.
కళాసీలెవరూ నాతో మాట్లాడలేదు.
వంట కుర్రాడు మాత్రం టీ తెచ్చి
చక్కెర సరిపోయిందా అనడిగాడు.

మామ తిట్టలేదు.
తర్వాతి లోడుకి గునపం నా చేతికిచ్చి
మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.
కొట్టాను.
ఖంగుమందో, దబ్బుమందో,
నా గుండె చప్పుడే అడ్డమొచ్చిందో.
కొండ మీద లైట్‌హౌస్ వెలుతురు
మా మీదుగా ఒకసారి తిరిగి వెళ్లింది.

"మళ్లీ కొట్టు," అన్నాడు.