ఏడో ఖానా

రాయి బిడ్డా నౌషీన్,
నాకు సంతకం ఒక్కటే వస్తది.

పేరు: గోపరి లస్మవ్వ. వారాసిగూడ.
గుంజుకపోయింది: ఇస్త్రీ బండి ఒకటి.
ఎప్పుడంటే, మంగళారం, బొగ్గులు రాజుకున్నంక.
నీళ్లన్న చల్లుకుంటనంటే ఇనలే,
నిప్పుతోనే లారీల ఎక్కించిన్రు.

ఇత్తడి పెట్టె మా అత్తది.
పిడి మూడుసార్లు మార్చిన.
రసీదా?
అత్తలు రసీదులిస్తరా బిడ్డా!

తక్కినయి నావి గావు.
మూడో అంతస్తు టీచరమ్మ గంజి చీర.
హోటల్ల చేసే పిలగాని తెల్లంగి,
వానికున్నదే ఒక్కటి,
ఇయ్యాల బనీను మీద కోటేసుకొని పోయిండు.
ఇంకో చిన్న లంగా, ఎవలదో యాదికొస్తలేదు,
దాని జేబుల రూపాయి బిళ్ళ దొరికితే
పెట్టె కింద దాసిన. అదీ రాయి.

"దావాదారు సొంత ఆస్తియేనా?"
కాదు.
సొంతమైతే ఇంత ఉరుకుతుంటినా?
పొద్దున లేస్తే ఆరు తలుపుల ముందు
తల వంచుకొని నడుస్తున్న.

ఇలువ... జతకు పన్నెండు రూపాయలు.
చీరకు ముప్పై.
నవ్వకు, గంతే రాయి.

ఏడో ఖానా ఏందన్నవ్? రుజువా?

నిన్న యార్డుకు పోయిన.
వాచ్‌మన్ లోపలికి రానియ్యలే.
జాలీల నుంచి చూసిన:
బండి మీద బండి, బండి మీద బండి,
పండ్లబండ్ల సందుల గడ్డి మొలిచింది.
అడుగున, చిరిగిన పట్టా కింద
చీర అంచు ఇంత కనవడ్డది.
వాన వడ్డది గదా, గంజంత కారిపోయుంటది,
మడత మాత్రం ఇడువలే.

ఆ మడత నాది.
గదే రాయి.
రాసి, సంతకం యాడ వెట్టాల్నో సూపెట్టు.